డీజిల్ ట్యాంకులో అమ్మవారు

మసి పూసుకోవడంలో మా ఆయన పరమేశ్‌ను మించినవాడు మెదక్ జిల్లాలో లేడు. ఎవరైనా లారీ యజమాని మా షెడ్డు ముందు ఆగిన చప్పుడు వినబడితే చాలు, పాలిష్ గుడ్డ అందుకుని ముందు ఎడమ చెంపకు రాసుకుంటాడు, ఆ తరువాత నుదుటికి. ముక్కు కొసన ఒక చుక్క పెట్టడం కూడా మరిచిపోడు. మా పెళ్లినాడు కూడా ఆయన ఇంత శ్రద్ధగా ముస్తాబు కాలేదు. అది అయ్యాక నా చేతిలోని గ్రైండర్ లాక్కుని, నన్ను టార్పాలిన్ పరదా వెనక్కి పొమ్మని సైగ చేసి, పొద్దంతా చాకిరీ చేసినవాడిలా ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పు ఒక్కటే నిజం. గ్రైండర్ బరువుకు ఆయన భుజం అప్పటికే లాగుతూ ఉంటుంది.

రామాయంపేట రోడ్డు మీద, టైర్ల దుకాణం పక్కన ఉన్న రేకుల షెడ్డు మాది. 'పరమేశ్ లారీ పాలిష్ వర్క్స్' అని బోర్డు ఉంటుంది. లారీల డీజిల్ ట్యాంకులు, బంపర్లు, చక్రాల డిస్కులు, ఇత్తడి హారన్లు, ఇలా మెరవాల్సినవన్నీ మెరిపించి పంపుతాం. ముందు ఎమరీ కాగితంతో గీతలు తీయాలి. తరువాత గ్రైండర్‌కు గుడ్డ చక్రం బిగించి, పాలిష్ సబ్బు అంటించి, చేతులు తిమ్మిరెక్కేదాకా రుద్దాలి. నల్లటి జిడ్డు ఎగిరి ముక్కులోకి, చెవుల్లోకి, మూతపెట్టడం మరిచిపోతే అన్నంలోకి కూడా పోతుంది. చివరికి మైదా చల్లి పాత బనియన్ గుడ్డతో తుడిస్తే, అప్పుడు ట్యాంకు అద్దమవుతుంది.

అబద్ధమెందుకు, ఈ పని నాకు నేర్పింది మా ఆయనే. మంచి పనివాడు. కానీ ఏళ్ల తరబడి గ్రైండర్ అదురుకు కుడి భుజం పట్టేసింది. ఇక మిషన్ ముట్టుకోవద్దని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. పెళ్లాం మాట ఏనాడూ వినని మనిషి డాక్టరు మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. మిషన్ నాకిచ్చాడు, పేరు తన దగ్గర ఉంచుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు?

"ఒక్కపారి చెప్పరాదయ్యా, ఇది మా ఆడామె చేసిన పని అని?" అని ఎన్నోసార్లు అడిగాను.

"నీకు తెల్వది లచ్చిమీ. లారోళ్లకు మస్తు పట్టింపులుంటయి. ఆడామె ముట్టిందంటే బండి పెట్టనే పెట్టరు. ఇగ నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ నా చేతులల్ల ఉన్నది గద. రోజూ దాన్ని ఎత్తుకొని తిరిగి నా రెక్కలు గుంజుతున్నయి."

ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాకు బోర్డు మీద పేరు అక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు. ఆయన నోటి నుంచి, నలుగురూ వింటుండగా ఒక్క మాట రావాలి. నేను చేసిన పని నాదని చెప్పాలి. ఆ మాట కోసం నేను పడిన ఆరాటం ఇంతా అంతా కాదు. ఆ మాట తప్ప ఆయన నోటి నుంచి అన్నీ వచ్చేవి.

ఈ ఏడు మాఘమాసంలో ఇంద్రకరణ్ కొత్త లారీ వచ్చింది. ఆయనది పాపన్నపేట దగ్గర భూములున్న కుటుంబం. ఇప్పుడు మెదక్‌లో ఇల్లు కట్టుకుని, లారీలు తిప్పుతూ, కౌన్సిలర్ టికెట్ కోసం కనబడిన ప్రతివాడికీ దండం పెడుతున్నాడు. శివరాత్రికి జరిగే ఏడుపాయల జాతరలో, గుడి చుట్టూ బండ్లు తిరిగే బండ్ల రోజున వాళ్ల ఇంటి నుంచి అలంకరించిన ఎడ్లబండి పోవడం తాతలనాటి ఆనవాయితీ. ఎడ్లను ఎప్పుడో అమ్ముకున్నారు. ఇంట్లో ఇప్పుడు ఎద్దు అనడానికి ఇంద్రకరణ్ ఒక్కడే మిగిలాడు. అందుకని ఈసారి బండికి బదులు పద్నాలుగు టైర్ల లారీ పోతుందని ప్రకటించాడు.

"పరమేశ్, ట్యాంకుల నా మొఖం కనవడాలె. మీసంల తెల్ల ఎంటిక సుత కనవడాలె," అన్నాడు.

"కనవడ్తదన్నా."

"నువ్వే చేస్తవు గద? వేరేటోళ్ల మీద ఒదిలిపెట్టకు."

"నా చెయ్యి పడంది ఈ షెడ్డుల కెంచి ఏ బండి బయటికి పోదన్నా," అన్నాడు మా ఆయన. అది నిజమే. బండి బయటికి పోయేటప్పుడు ట్యాంకు మీద రెండుసార్లు తట్టి పంపుతాడు.

కారులో కూర్చున్న ఇంద్రకరణ్ తల్లి పద్మమ్మ అద్దం దించి ఇంకొక ముక్క చేర్చింది. "ఇగో పరమేశ్, ఇది అమ్మ కాడికి పోయే బండి. బండ్లు తిరిగేదాక ఆడిమనిషి చెయ్యి తగలొద్దు. ముట్లు, మైలలు ఉంటయి. మా అత్తగారి కాలం సంది గిదే పద్ధతి."

ఏడుపాయల్లో ఉన్నది దుర్గమ్మ. ఆమె ఆడమనిషి కాదా అని అడగాలని నా నాలుక దురద పెట్టింది. పరదా వెనక ఉన్నాను కనుక అడగలేదు. పరదా అవతల మా ఆయన, "గట్లనే అమ్మా, మా షెడ్డుల ఆడోళ్లకు పనేంది," అని తల ఊపుతున్నాడు.

ఇక ఆ బండిని నేను ఎలా రుద్దానో నాకే తెలుసు. కోపం వచ్చినప్పుడు నా చేయి బాగా నడుస్తుంది. పద్మమ్మ మాట ఒకసారి తలుచుకుని డిస్కులు, మా ఆయన మాట ఒకసారి తలుచుకుని బంపరు, ఇద్దరినీ కలిపి తలుచుకుని ట్యాంకు. పని అయ్యేసరికి ట్యాంకు మీద ఈగ వాలినా రెండీగలు కనబడుతున్నాయి.

శివరాత్రి ముందు రోజు ఇంద్రకరణ్ తన కొడుకు అభిలాష్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అభిలాష్ బీటెక్ చదివి ప్రస్తుతం తండ్రికి రీల్స్ తీసే ఉద్యోగం చేస్తున్నాడు. ట్యాంకు పక్కన నిలబెట్టి తండ్రిని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. మా ఆయన కూడా ఫోటోలో పడొచ్చన్న ఆశతో తెల్ల అంగీ వేసుకుని, గ్రైండర్‌ను భుజాన గదలా మోస్తూ అటూ ఇటూ తచ్చాడాడు. కాసేపటికే భుజం మొరాయించింది. పరదా సందులోంచి నాకు సైగ చేశాడు. నేను గబుక్కున బయటికి వచ్చి గ్రైండర్ అందుకున్నాను. ఒంటినిండా మసి, తలకు తువ్వాల, విడిపోయిన జుట్టు, రెండు చేతుల్లో మిషన్. అంతా ఇంద్రకరణ్‌నే చూస్తున్నారు కాబట్టి నన్ను ఎవరూ చూడలేదనుకున్నాను. అభిలాష్ మాత్రం తన బొమ్మ ట్యాంకులో పడకుండా పక్కకు ఒరిగి మరీ ఫోటో కొట్టాడు. పిల్లవాడు తెలివైనవాడే. ట్యాంకులో తాను పడకూడదని ఆలోచించాడు గానీ ఇంకెవరు పడుతున్నారో చూడలేదు.

ఆ సాయంత్రమే లారీని ఇంటికి తోలుకుపోయారు. రాత్రికే ఆ ఫోటో ఫ్లెక్సీ అయింది. తెల్లారేసరికి రాందాస్ చౌరస్తాలో, 'భక్తులందరికీ ఏడుపాయల జాతర శుభాకాంక్షలు' అని రెండు అంతస్తుల ఎత్తున నిలబడింది.

శివరాత్రి పొద్దున ఉపవాసానికి కందగడ్డలు కొందామని చౌరస్తాకు పోయాను. ఫ్లెక్సీ కింద గుంపు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో ఊదుబత్తులు వెలిగించారు. ఒక ముసలమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏమైందో అని తలెత్తి చూశాను. ఇంద్రకరణ్ పక్కన డీజిల్ ట్యాంకు, ఆ ట్యాంకులో నేను! నల్లటి ముఖం, విరబోసుకున్న జుట్టు, ఎర్రబడిన కళ్లు, చేతుల్లో ఆయుధం. ట్యాంకు వంపులో సాగి నిజంగానే భయంకరంగా ఉన్నాను. నా పక్కన తెల్ల అంగీ వేసుకుని, చేతులు కట్టుకుని, భక్తుడిలా మా ఆయన.

"అమ్మ ఎలిసింది," అంది ముసలమ్మ. "ఇంద్రకరణ్ పటేల్ బండిల అమ్మ ఎలిసింది. జరుగు బిడ్డా, జర చూడనియ్యి." అని నన్ను మోచేత్తో నెట్టింది.

ముఖం కడుక్కుని వచ్చాను కాబట్టి నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. నన్ను చూడడానికి అడ్డంగా ఉన్నానని నన్నే నెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక కందగడ్డలు కూడా కొనకుండా వచ్చేశాను.

పది గంటలయ్యేసరికి అభిలాష్ రీల్ వదిలాడు. 'మా నాన్న లారీలో అమ్మవారి ప్రత్యక్షం' అని దాని పేరు. ఇంద్రకరణ్ ఫ్లెక్సీ కింద చేతులు జోడించి కళ్లు మూసుకుని నిలబడితే, టికెట్ ఇక ఖాయమని వెంట తిరిగేవాళ్లు చెవిలో ఊదారు. పద్మమ్మ ఇంటి ముందున్న లారీ దగ్గరికి పోయి ట్యాంకుకు హారతి ఇచ్చి, గుమ్మడికాయ కొట్టి, పక్కింటి ఆడవాళ్లనందరినీ పిలిచి దూరం నుంచి దండం పెట్టించిందట. వట్టి ట్యాంకుకు. ఈ ముచ్చట చెప్పి టైర్ల దుకాణం అతను నాతో కూడా దండం పెట్టించబోయాడు.

అమ్మవారి వైభవం మధ్యాహ్నం వరకే సాగింది. ఇంద్రకరణ్ లారీ డ్రైవర్ ఎల్లం అప్పుడే తూప్రాన్ నుంచి వచ్చి చౌరస్తాలో చాయ్ తాగుతూ ఫ్లెక్సీని చూశాడు. పాపం, అతనికి కపటం తెలియదు.

"గది త్రిశూలం గాదురా బై, గ్రైండర్," అన్నాడు నలుగురిలో. "గామె మా బాలలక్ష్మి వదిన. గాడ తెల్ల అంగీల చేతులు కట్టుకున్నది పరమేశన్న గాదా? మంచిగ చూడుండ్రి."

మంచిగా చూశారు. ఆ కబురు ఎల్లం చాయ్ చల్లారేలోపు పద్మమ్మ చెవిన పడింది.

కారు మా షెడ్డు ముందు ఆగింది. ఈసారి మా ఆయనకు మసి పూసుకునేంత పుర్సత్ దొరకలేదు. పద్మమ్మ కారు దిగింది. వెనక ఇంద్రకరణ్. పొద్దున నాకే హారతి ఇచ్చిన ఆ తల్లి నా వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏం పరమేశ్, అమ్మ బండిని ఆడిదాంతోని రుద్దించినవా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మా ఆయన చేయి తనంతట తానే భుజం మీదికి పోయింది. నా వైపు చూశాడు. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. దొరికిపోయాడు కదా, ఇక చెప్పక చేసేదేముంది అనుకున్నాను.

"అయ్యో, గట్లెట్ల చేస్తనమ్మా? ఆమె నాకు సద్ది తెచ్చింది. ఫోటో దిగుడు నడుస్తుంటే మిషిని జర పట్టుకొమ్మన్న, గంతే. దానికి మిషిన్ ఆన్ చేసుడు సుత రాదు."

నా వేళ్ల సందుల్లో వాళ్ల బండి నలుపు ఇంకా అలాగే ఉంది. నేనేం చేశానో తెలుసా? ఆ చేతులను కొంగు కింద దాచుకున్నాను. ఆయన అబద్ధం బయటపడకూడదని దాచుకున్నాను. అలా ఎందుకు చేశానా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"పట్టుకున్నా ముట్టినట్టే," అంది పద్మమ్మ. "శుద్ధి చేసుకుంట తియ్యి. అమ్మ దయ, మొదలే తెలిసింది."

కారు పోయాక ఆయనతో ఒక్కటే మాట అన్నాను. "నాకు ఆన్ చేసుడు రాదా అయ్యా?"

"కోపం చేయకు లచ్చిమీ. గిరాకీ పోతది. మనం బతకాలె గద?" అన్నాడు. బతకడానికి కావాల్సింది పని కదా, ఆ పని చేస్తున్నదెవరు అని అడగలేదు. ఆ సాయంత్రం ఉపవాసం విడవడానికి ఆయనకు పండ్లు కోసి పెట్టలేదు. అంతే నా తిరుగుబాటు.

తెల్లారితే బండ్ల రోజు. పొద్దున్నే ఎల్లం బైకు మీద రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, జల్ది రా. మిషిని పట్టుకొని రా. బండి ఖరాబైంది."

"యాక్సిడెంటా?"

"గంతకంటె ఎక్కువ. పద్మమ్మ శుద్ధి చేయించింది."

ఏం శుద్ధి అంటే ఎల్లం చెప్పలేక తల పట్టుకున్నాడు. మిషన్, సబ్బు, గుడ్డలు ఆటోలో వేసుకుని ఇద్దరం పోయాం. నేనెందుకని మా ఆయన గొణిగాడు. "సద్ది మోసుకొస్త," అన్నాను.

ఇంద్రకరణ్ ఇంటి ముందు పెళ్లి పందిరిలా ఉంది. డప్పుల వాళ్లు, మామిడాకులు, బంతిపూల దండలు, కండువాలు కప్పుకున్న వెంట తిరిగేవాళ్లు, చుట్టాలు. మధ్యలో లారీ.

చింతపండు పెట్టి తోమారు. పూజ బిందెలు తోమినట్టు, చింతపండు పులుసు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి, శివరాత్రి జాగారంలో భజన చేసుకుంటూ మరీ తోమారు. ఇత్తడికి అది వరమే. హారన్ బంగారంలా తళతళలాడుతోంది. కానీ ట్యాంకు అల్యూమినియంది. నేను అద్దం చేసిన ట్యాంకు పాలు విరిగినట్టు తెల్లగా మబ్బుపట్టింది. పులుసు కారిన చోటల్లా చారలు. పీచు తిరిగిన చోటల్లా సున్నాలు సున్నాలుగా గీతలు. ఇంద్రకరణ్ ముఖం కాదు కదా, అమ్మవారు దిగి వచ్చినా అందులో కనబడదు.

"ఎవలు తోమిండ్రు?" అన్నాడు మా ఆయన నోరు తెరిచి.

"ఇంటి ఆడోళ్లందరం కలిసి తోమినం," అంది పద్మమ్మ. "నేను, కోడలు, మా పనామె ఆగమ్మ. రాత్రంత నడుములు ఇరిగినయి."

విన్నారు కదా. ఆడమనిషి ముట్టిందని మైలపడిన బండిని ముగ్గురు ఆడవాళ్లు రాత్రంతా ముట్టి శుద్ధి చేశారు. ఆ గుంపులో ఒక్క మగవాడికి కూడా ఇందులో తిరకాసు కనబడలేదు.

ఇంద్రకరణ్ మా ఆయన చేయి పట్టుకున్నాడు. "పరమేశ్, నీ కాల్మొక్త, ఎట్లనన్న జేసి ట్యాంకు మెరిపియ్యి. మూడు మండలాలోళ్లు చూస్తరు. పెద్ద లీడర్లు వస్తుండ్రు."

"షెడ్డుకు పంపుండ్రి అన్నా. గాడ పరదా... గాడ మంచిగైతది."

"షెడ్డుకు పోయి వచ్చే టైమ్ ఎక్కడిది? గిక్కడనే చెయ్యి, గిప్పుడే. వైరు గుంజుండ్రిరా!"

వైరు వచ్చింది. ప్లగ్గు పెట్టారు. డప్పులవాళ్లు సహా అందరూ చుట్టూ మూగారు. మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా నాలుగు దిక్కులూ చూశాడు. నేను వాళ్ల గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. కాలు మీద కాలు వేసుకోలేదు గానీ వేసుకున్నంత పని చేశాను.

ఆయన గ్రైండర్ ఎత్తాడు. ఆన్ చేశాడు. చక్రం ట్యాంకుకు తగలగానే మిషన్ ఎగిరి తన్నింది. మళ్లీ ఎత్తాడు. భుజం దాకా వచ్చేసరికి పళ్లు బిగబట్టాడు, ముఖం తెల్లబడింది. ఆ నొప్పి నటన కాదని నాకు తెలుసు. పెళ్లాన్ని కదా, నా కాళ్లు లేవబోయాయి. రెండు చేతులతో అరుగు పట్టుకుని కూర్చున్నాను.

మూడోసారి మిషన్ నేల మీద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "లచ్చిమీ, జర..." అన్నాడు.

"జర ఏంది?"

"నువ్వు జర చేయి పట్టు. నాకు ఆసరాకు పట్టుకున్నవని చెప్త."

"నాకు ఆన్ చేసుడు రాదు గద," అన్నాను. గొంతు తగ్గించలేదు.

గుంపులో ఎవడో కిసుక్కున నవ్వాడు. మా ఆయన తల దించుకున్నాడు. ఆ మాట ఇక రాదనుకున్నాను. రాకపోతే షెడ్డుకు కాదు, మా అమ్మగారింటికి పోవాలని నిజంగానే అనుకున్నాను.

తరువాత ఆయన గుంపు వైపు తిరిగాడు.

"ఇంద్రన్నా, నాతోని కాదు. నా భుజం ఎప్పుడో పోయింది. మూడేండ్ల సంది నేను మిషిని ముట్టలే." దించిన తల ఎత్తాడు. "మీ బండి ఈమెనే చేసింది. మీ బండి ఒక్కటే గాదు, మా షెడ్డుల కెంచి పోయిన ప్రతి బండి ఈమెనే చేసింది. మీరు వస్తే నేను మొఖానికి మసి పూసుకొని నిలవడ్డ. నిన్న మీకు అబద్ధం చెప్పిన. ఫోటోల ఉన్నదే నిజం."

ఏళ్లుగా వినాలనుకున్న మాట. వింటే సంతోషంతో ఏడుస్తాననుకున్నాను. ఏడుపొచ్చింది గానీ సంతోషంతో కాదు, కోపంతో. చేయి లేవక చెప్పావు కానీ నోరు లేచి చెప్పలేదు కదా అనుకున్నాను. అయినా చెప్పాడు. అందరూ విన్నారు. కొంగుతో ముక్కు తుడుచుకుని లేచాను.

అందరూ పద్మమ్మ వైపు చూశారు. ఆ తల్లి ఒకసారి ట్యాంకును, ఒకసారి ఎండను చూసి, చివరికి తీర్పు చెప్పింది.

"మిషిని ముడ్తది గని మనిషి ముట్టది గద. చేతులకు గ్లౌజులు తొడుక్కొమ్మనుండ్రి. ట్యాంకుకు చెయ్యి తగలకపోతె అమ్మకు దోషం లేదు."

ఆహా, ఏం తీర్పు! మగవాళ్లంతా ఒక్కసారి తలలూపారు. వెంట తిరిగేవాళ్లలో ఒకడు, "పెద్దమ్మ మాట అంటె మాటనే," అన్నాడు. అభిలాష్ పరిగెత్తి పోయి తోటపని గ్లౌజులు తెచ్చాడు. మా ఆయన ముఖంలో ప్రాణం లేచివచ్చింది. నా చేతులు కనబడకుండా పని జరిగే ఉపాయం మళ్లీ దొరికిందన్నమాట. గ్లౌజులు తీసుకొచ్చి నాకు అందించాడు.

వాటిని తీసుకుని అరుగు మీద పెట్టాను.

"ఇవి తొడుక్కుంటె నాకు తెల్వదమ్మా," అన్నాను పద్మమ్మతో. "గీత పోయిందా లేదా అనేది కంటికి కానరాదు, చెయ్యికే తెలుస్తది. ట్యాంకు వేడెక్కిందా లేదా సుత చెయ్యే చెప్తది. చెయ్యి పెట్టకుంట నేను పని చెయ్య."

అని నా కుడి అరచేయి తీసి ట్యాంకు మీద పెట్టాను. చింతపండు జిడ్డుతో అల్యూమినియం గరుకుగా తగిలింది.

"చెయ్యి తియ్యే!" అంది పద్మమ్మ.

"తీస్త. వేరేటోళ్లను పిలుచుకోండ్రి."

ఇంద్రకరణ్ తల్లి వైపు చూశాడు. ఫోను చూసుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. దూరంగా ఎవరివో బండ్లు అప్పుడే గజ్జెల చప్పుడుతో ఏడుపాయల దారి పట్టాయి. పద్మమ్మకు కూడా ఆ గజ్జెలు వినబడ్డాయి. నా చేతిని, వేళ్ల సందుల్లోని నలుపును ఆమె చాలాసేపు చూసింది. తన చేతులు చూసుకుంది. రాత్రంతా చింతపండుతో తోమి అవి కూడా పగిలి ఉన్నాయి.

"కానియ్యి," అంది, ఎవరితోనో అన్నట్టు.

నేను ట్యాంకు మీద నుంచి చేయి తీయకుండానే రెండో చేత్తో గ్రైండర్ అందుకున్నాను. మా ఆయన పక్కన నిలబడి, కాళ్లకు చుట్టుకుంటున్న వైరును వంగి, గుట్టుగా నేల మీదే పక్కకు జరుపుతున్నాడు.

"పైకి ఎత్తి పట్టుకో అయ్యా," అన్నాను. "అందరికి కనవడని."